పరభాషయు, కలిసి పనిచేయు చేతులును

(ధ్యానమునకు: నిర్గమకాండము 35:20–35; న్యాయాధిపతులు 12:1–6; అపొస్తలుల కార్యములు 18:1–3, 24–26)



ఈ నెల ధ్యానమునకు ఒక ప్రశ్నను తీసికొనుచున్నాను. ఒక మనుష్యునికి అతనిది కాని భాషను నేర్పునప్పుడు మనము అతనికి మేలు చేయుచున్నామా, లేక అతనిని తక్కువవానిగా చేయుచున్నామా? ఇది బడిపంతుళ్లకు మాత్రమే చెందిన ప్రశ్నయని తలంచవద్దు. ఇది పొరుగువానిని ప్రేమించుటను గూర్చిన ప్రశ్న. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ఈ ప్రశ్న తట్టని గడప లేదు.

మన తాతల కాలమున, అనగా 1948వ సంవత్సరమునకు ముందు, నైజాము రాజ్యములో కచేరి భాషయు పెద్దచదువుల భాషయు ఉర్దూయే. 1918లో హైదరాబాదున స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో శాస్త్రములు సహా ఉర్దూలోనే బోధింపబడెను. తన భూమిని గూర్చిన కాగితమును తాను చదువుకొనలేక మరియొకని మొగము చూచిన తెలుగు రైతులు మన పల్లెలలో ఎందరో యుండిరి. నేడు ఆ పెద్దపీట ఇంగ్లీషునకు వచ్చినది. 2022–23 విద్యాసంవత్సరము నుండి మన రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడెను. ఒక ప్రక్క తెలుగును, ఎదుటి ప్రక్క ఇంగ్లీషును గల పుస్తకములు పిల్లల చేతికి వచ్చెను. కూలినాలి చేసికొను తల్లిదండ్రులు సంతోషించిరి. నేనును సంతోషించితిని. మన బిడ్డలు ఇకమీదట ఎవని మొగమును చూడనక్కరలేదని తలంచితిని. అయితే పుస్తకము తెరచిన బిడ్డ నోరు తెరువక కూర్చుండుటను గూడ చూచితిని.

నా తప్పిదము

ఇక్కడ నేనొక తప్పిదమును ఒప్పుకొనవలసియున్నది. కొంతకాలము క్రిందట మా గుడి వసారాలో సాయంకాలములయందు పిల్లలకు ఇంగ్లీషు చెప్పుట మొదలుపెట్టితిని. సెమినరీలో నేర్చుకొనిన ఇంగ్లీషు నాకు కొంత కలదు. ఒక దినమున పదియేండ్ల చిన్నవాడొకడు లేచి పాఠము చదువుచు, "స్కూలు" అనవలసినచోట "ఇస్కూలు" అనెను. మన ఇండ్లలో అందరును అనునదే అది. నేను వానివలెనే గొంతు మార్చి, "ఇస్కూలా?" అని అడిగితిని. పిల్లలందరు పకపక నవ్విరి. నేనును నవ్వితిని. చిన్నవాడు కూర్చుండెను. ఆ సాయంకాలము మరల నోరు తెరువలేదు.

మరునాడు వాడు రాలేదు. ఆదివారము ఆరాధనకును రాలేదు. ఆ వారములో వాని తల్లి పత్తి చేనునుండి వచ్చుచు మా వాకిట నిలిచి యిట్లనెను: "అయ్యగారూ, మావోడు గుడికాడికి రానంటుండు. ఆడ అందరు నవ్విండ్రంట. మేము సదువుకోనోళ్లం, మాకేం తెలుస్తది? మీరన్నా నవ్వకుండా ఉంటే బాగుండు గద."

ఆమె కోపపడలేదు. కోపపడియుండినయెడల నాకు సులువుగా నుండెడిది. "మీరన్నా" అను ఆ యొక్క మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనియ్యలేదు. ఏలయనగా ఆ నవ్వు ఎట్టిదో నాకును తెలియును. పల్లెనుండి చదువునకు వెళ్లిన దినములలో నేనును పుస్తకము చేతపట్టుకొని నిలువబడి, నా వెనుక నవ్వు వినినవాడనే. ఆ గాయము మాసిన తరువాత అదే కత్తిని నా చేతిలోనికి తీసికొంటిని.

రేవునొద్ద పరీక్ష

ఆ రాత్రి న్యాయాధిపతులు పండ్రెండవ అధ్యాయము జ్ఞాపకమునకు వచ్చెను. గిలాదువారికిని ఎఫ్రాయిమువారికిని యుద్ధము జరిగెను. ఓడిపోయిన ఎఫ్రాయిమువారు పారిపోవుచు యొర్దాను రేవులయొద్దకు వచ్చిరి. గిలాదువారు అక్కడ కాపుండి, దాటగోరిన ప్రతివానిని "షిబ్బోలెతు" అనుమని అడిగిరి. ఎఫ్రాయిమువాని నాలుక తిరుగక "సిబ్బోలెతు" అనెను. అంతే, వానిని పట్టుకొని చంపిరి. ఆ కాలమున ఎఫ్రాయిమువారిలో నలువది రెండువేలమంది పడిపోయిరని గ్రంథము చెప్పుచున్నది.

గిలాదును ఎఫ్రాయిమును ఒకే యిశ్రాయేలు సంతానము. వారి దేవుడొక్కడే, వారి పితరులొక్కరే. ఒక అక్షరము పలుకుటలో మాత్రమే భేదము. ఆ అక్షరమును ప్రాణము తీయుటకు త్రాసుగా చేసికొనిరి. "స్కూలు", "ఇస్కూలు" అని నేను చేసిన పరీక్షకును దీనికిని ఎంత దూరము? నేను కత్తి దూయలేదు. అయినను ఒక చిన్నవాని నోటిలోని మాటను చంపితిని.

భాషను తెలిసినవాడు పైవాడు, తెలియనివాడు క్రిందివాడు అనుట లోకము లెక్క. అపొస్తలుడైన పౌలు లెక్క వేరు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదునాలుగవ అధ్యాయము పదునొకండవ వచనములో ఆయన చెప్పు భావమేమనగా: మాట అర్థము తెలియనప్పుడు మాటలాడువానికి నేను పరదేశిని, నాకు అతడు పరదేశి. గమనించుడి, పరదేశితనము ఇరువైపులను కలదు. పిల్లవానికి నా ఇంగ్లీషు అర్థము కానప్పుడు వాడు మాత్రమే వెలుపల లేడు, నేనును వాని లోకమునకు వెలుపలనే యున్నాను. 1889లో రష్యా దేశమునుండి నల్లగొండకు వచ్చిన అబ్రాహాము ఫ్రీసెను దంపతుల ఇంటిభాష జర్మను. దొరలని పిలువబడినవారు గూడ మన అ ఆలను మొదటినుండి నేర్చుకొనవలసివచ్చెను. నేర్చుకొనక మునుపు వారును మన పల్లెలో నోరులేని పిల్లలే.

ఒక బిషప్పు వేయించిన నాటకములు

అట్లయినచో పరభాషను అవమానము లేకుండ ఎట్లు నేర్పవలెను? ఈ ప్రశ్నకొరకు తన జీవితమును వెచ్చించిన సేవకుడొకడు మన ప్రొటెస్టెంటు పితరులలోనే కలడు. ఆయన పేరు యాన్ ఆమోస్ కొమేనియసు. 1592లో మొరావియా దేశమున పుట్టెను. సహోదరుల సంఘమునకు కాపరియై, పిమ్మట బిషప్పాయెను. తెగులువలన భార్యను, ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొనెను. విశ్వాసము నిమిత్తము 1628లో స్వదేశము విడిచి, మరల ఆ నేలను చూడక, 1670లో ఆమ్‌స్టర్‌డాము పట్టణమున మరణించెను. తానే పరదేశియై అనేక భాషలవారి మధ్య బ్రదికినవాడు గనుక, భాష తెలియని బిడ్డ బాధను ఆయన ఎరుగును.

ఆ దినములలో ఐరోపాలో చదువనగా లాటిను భాష. మన బిడ్డలకు ఇంగ్లీషు ఎట్లో, వారికి అది అట్లు. బెత్తముతోను కంఠస్థముతోను దానిని నేర్పుచుండిరి. కొమేనియసు 1650 మొదలు 1654 వరకు హంగేరీలోని షారొష్పటాకు అను ఊరి పాఠశాలలో పనిచేయుచు, పాఠములోని సంగతులనే చిన్న నాటకములుగా వ్రాసెను. విద్యార్థులు వేషములు వేసికొని, ఒకరికొకరు లాటినులో ప్రశ్నలు వేయుచు, జవాబులు చెప్పుచు అందరియెదుట ఆడిరి. ఒకడు తన మాట మరచినయెడల రెండవవాని మాట నిలిచిపోవును, కావున ఒకరికొకరు సహాయము చేసికొనక తప్పదు. 1658లో నురెంబర్గు పట్టణమున అచ్చయిన ఆయన బొమ్మల పుస్తకములో ఒక్కొక్క బొమ్మలోని వస్తువునకు అంకె వేసి, అదే అంకెతో దాని పేరును లాటినులోను జర్మనులోను ప్రక్కప్రక్కన ముద్రింపించెను. నేడు మన పిల్లల చేతిలోని రెండు భాషల పుస్తకమునకు అది ముత్తాత వంటిది.

ఆయన తలంపు యిది: వస్తువును చూడక, చేతితో ముట్టక, దానితో పని చేయక ఉత్తమాటను మాత్రమే నేర్చుకొనిన బిడ్డ చిలుకవంటివాడగును. మాటయు వస్తువును పనియు కలిసి రావలెను.

మగ్గము చెప్పిన పాఠము

హంగేరీ మనకు దూరము. అయితే ఈ పాఠమును చెప్పు చోటు మన గద్వాలలోనే కలదు. గద్వాల చీరను చూడనివారు మనలో లేరు. దాని నడుమ భాగము నూలు, అంచును కొంగును పట్టు. నూలు ఒక జాతి, పట్టు ఒక జాతి. నూలును ఉతికిన తీరు వేరు, పట్టు సాగు తీరు వేరు. రెంటిని కుట్టి అతికించరు. నేయునప్పుడే నడుమ పేకను అంచు పేకతో మెలివేసి, వరుస వరుసకును పట్టుకొనునట్లు చేయుదురు. దానినే కుప్పడము నేత అందురు. దానికి ఒక్క నాడె చాలదు, నడుమకొకటి, ఇరుప్రక్కల అంచులకు ఒక్కొక్కటి కావలెను. మగ్గముమీద కూర్చున్నవానికి ప్రక్కనుండి మరియొకరు చేయి అందించు వాడుకయు కలదు.

ఒక మగ్గమునొద్ద నేను కొంతసేపు నిలువబడి చూచితిని. భార్యాభర్తలిద్దరు మాటలాడక పని చేయుచుండిరి. అయినను వారి మధ్య ఎంతో సంభాషణ జరుగుచుండెను. ఆమె నాడె ఆలస్యమైనయెడల అతని చేయి ఆగును. అతడు తొందరపడినయెడల ఆమె తల యెత్తును. నాకొక సంగతి తోచినది. నూలు పట్టుగా మారనక్కరలేదు. పట్టు నూలును చూచి నవ్వనక్కరలేదు. రెండును తమ తమ గుణముతోనే యుండి, కలియుచోట ఒకదానిని ఒకటి పట్టుకొనిన చాలును. ఇంటి భాషయు బడి భాషయు ఇట్లేల కలియగూడదు?

సెలవుల బైబిలు పాఠశాలలో

ఆ వేసవిలో సెలవుల బైబిలు పాఠశాలకు పిల్లలు కూడినప్పుడు, పలకలు ప్రక్కనపెట్టి, నాలుగు పాత దుప్పట్లను కలిపి కుట్టించి వసారాలో పరచితిమి. దానిమీద నోవహు ఓడను అందరు కలిసి వ్రాయవలెను. రంగులు కొనుటకు డబ్బు లేదు. జాజు, సున్నము, పసుపు, బొగ్గు, నీలిమందు తెచ్చితిమి. ఒక్కటే నియమము: ప్రక్కవానియొద్దనుండి ఏదైన కావలసినప్పుడు ఇంగ్లీషులో అడుగవలెను. ఒక్క మాటయైనను చాలును. తప్పు పలికినను ఇవ్వవలెను. పసుపు గిన్నె ఒకనియొద్ద, కుంచె మరియొకనియొద్ద ఉంచితిమి, అందరికి అన్నియు ఇయ్యలేదు. కావలసినవాడు అడుగక తప్పదు, ఉన్నవాడు వినక తప్పదు.

ఆ చిన్నవానిని పిలుచుటకు నేనే వారి ఇంటికి వెళ్లితిని. వాని తల్లియెదుట, "నేను నవ్వుట తప్పు, నన్ను క్షమించు" అని వానితో చెప్పితిని. వాడు నేలచూపులు చూచెను గాని జవాబియ్యలేదు. మరునాడు వచ్చి వసారా స్తంభమునకు ఆనుకొని నిలుచుండెను.

అప్పుడు జాజును నీటితో కలిపి ఓడకు పూయుచున్నవాడను నేను. అది ఎండగానే పొడియై రాలిపోవుచుండెను. రెండుమారులు పూసితిని, రెండుమారులు రాలెను. స్తంభమునొద్దనుండి వాడు మెల్లగా, "అయ్యగారూ, గంజి కలుపాలె" అనెను. వాని తల్లి పండుగలకు ఇండ్ల గోడలకు జాజు, సున్నము పూయునది. వాడు చిన్ననాటినుండి ఆమె వెంట గిన్నె పట్టుకొని తిరిగినవాడు. నేను కుంచెను వాని చేతికిచ్చి, ఎట్లు పూయవలెనో నాకు చూపుమంటిని. గంజి తెప్పించి కలిపెను. నేను తొందరపడి పూయగా వాడు నా మణికట్టు పట్టుకొని, "ఇస్లో, సార్, ఇస్లో" అనెను.

ఎవరును నవ్వలేదు. ఎట్లు నవ్వుదురు? ఆ మాట వాడు పరీక్షకొరకు పలికినది కాదు. పని తెలిసినవాడు పని తెలియనివానికి చెప్పిన మాట అది. దాని అర్థము సరిగా నుండెను, దాని అవసరము నిజమైనదిగా నుండెను. ఆ మాటను విని, లోబడి, మెల్లగా పూసినవాడను నేను. ఆ దినమున వసారాలో పంతులు ఎవరు, పిల్లవాడు ఎవరు?

ఇది అద్భుతమని చెప్పబోవుట లేదు. ఆ చిన్నవానికి నేడును ఇంగ్లీషు చదువుట కష్టముగానే యున్నది. అయితే నోరు తెరచుచున్నాడు. తెలియనప్పుడు అడుగుచున్నాడు. అడుగగలిగినవానికి త్రోవ మూసికొనిపోదు.

కలిసి చేయుట అంతయు మంచిదేనా?

ఈ సంగతిని ఒక ముసలి పెద్దతో సంతోషముగా చెప్పితిని. ఆయన పాలమూరు కూలీల గుంపులో చేరి, యౌవనములో మహారాష్ట్రమున కట్టలమీదను కాలువలమీదను పనిచేసినవాడు. ఆయన నవ్వి యిట్లనెను: "పాస్టరయ్యా, నాకు మరాఠీ గట్లనే వచ్చింది. తట్టను వాళ్లు ఘమేలా అంటరు. ఎత్తు అంటానికి ఉచలా అంటరు. నలుగురం కలిసి ఎత్తినం, నేర్చుకున్నం. కని అయ్యా, ఎత్తు, మొయ్యి, జల్ది నడు – ఇవే వచ్చినయి. నాకు పానం బాగలేదు అని చెప్పనీకి మాట రాలే. గది ఎవ్వరు నేర్పలే."

ఈ మాట నా సంతోషమును కొంత అణచి, నా తలంపును సరిచేసెను. కలిసి పనిచేసిన మాత్రమున భాష బిడ్డవలె ఒడిలోనికి రాదు. మేస్త్రి కేకలక్రింద కలిసి పనిచేసినవానికి ఆజ్ఞల భాష మాత్రమే వచ్చును. అడుగు భాష, కాదను భాష, బాధ చెప్పుకొను భాష రాదు.

బైబిలును ఈ వెలుగులో చూడుడి. కలిసి చేసిన పనులు మూడు అందులో కనబడుచున్నవి. మొదటిది షీనారు మైదానమున బాబెలు గోపురము. అక్కడ భాష ఒకటే, చేతులన్నియు కలిసెను, ఇటుకలు చక్కగా కాలెను. అయితే తమకు పేరు సంపాదించుకొనవలెనని దానిని కట్టిరి. కడకు ఒకని మాట ఒకనికి తెలియకపోయెను. రెండవది ఐగుప్తు. అక్కడను ఇటుకలే. వేలమంది కలిసి మట్టి త్రొక్కిరి గాని బెత్తముక్రింద త్రొక్కిరి. వారినుండి దేవునియొద్దకు చేరినది పాట కాదు, మూలుగు.

మూడవది అరణ్యములోని ప్రత్యక్షపు గుడారము. ఇటుకలు చేసిన చేతులే దానిని చేసెను. అయితే ఎవని హృదయము వానిని రేపెనో వాడే వచ్చెను. స్త్రీలు తమ చేతులతో వడికిన నూలు తెచ్చిరి. ప్రజలు తెచ్చినది ఎక్కువై, ఇక తేవద్దని మోషే చాటింపవలసివచ్చెను. పనికి పెద్దలుగా దేవుడు ఇద్దరిని పిలిచెను. బెసలేలు యూదా గోత్రికుడు, అహోలీయాబు దాను గోత్రికుడు. యిశ్రాయేలీయులు ప్రయాణము చేయునప్పుడు యూదా పాళెము అందరికి ముందు, దాను పాళెము అందరికి వెనుక నడుచునని సంఖ్యాకాండము పదియవ అధ్యాయములో చూచుచున్నాము. ముందువానిని వెనుకవానిని ఒకే పనియొద్ద దేవుడు కూర్చుండబెట్టెను. అంతేకాదు, ఇతరులకు నేర్పు మనస్సును గూడ ఆయన వారికిచ్చెనని ముప్పదియైదవ అధ్యాయము ముప్పదినాలుగవ వచనము తెలుపుచున్నది. చేయు నేర్పును, నేర్పించు మనస్సును ఒకే ఆత్మ వరములు.

కావున మన పని బాబెలా, ఐగుప్తా, గుడారమా అని ఎట్లు తెలిసికొందుము? నాకు తోచిన గురుతులు మూడు. ఆ పనిలో చిన్నవాడు ప్రశ్న వేయగలడా? పెద్దవాడు చిన్నవానియొద్ద నేర్చుకొనుచున్నాడా? పని ముగిసినప్పుడు ఎవరి పేరు నిలుచుచున్నది?

మూడవ ప్రశ్నలో నేనును జారిపోతినని చెప్పవలెను. దుప్పటిమీది ఓడ ముగిసినప్పుడు, పట్టణమునుండి అతిథులు వచ్చు దినమున దానిని గోడకు వ్రేలాడదీసి, క్రింద నా పేరు వ్రాయింపవలెనని ఆశ కలిగెను. మరియొకటి గమనించితిని. చురుకైన మగపిల్లలు ముగ్గురు కుంచెలు పట్టుకొని విడువక, ఆడపిల్లలచేత గిన్నెలు కడిగించుచుండిరి. గిన్నె కడుగు బిడ్డకు ఏ భాష వచ్చును? "తే", "పో" అను రెండు మాటలే. మా వసారాలో సగము గుడారము, సగము ఐగుప్తు జరుగుచుండెను. మరునాటినుండి గిన్నెలును కుంచెలును చేతులు మారునట్లు చేసితిమి. నా పేరు వ్రాయింపలేదు. పిల్లలందరు జాజులో అరచేతులు ముంచి అంచుపొడుగున అద్దిరి.

తప్పు దిద్దవద్దా?

సంఘములో కొందరు పెద్దలు నన్నడిగిరి: "ఇది ఆట గాని చదువు కాదు గదా? పరీక్షలో బొమ్మలు అడుగుదురా? తప్పు పలికినను ఊరకుండినచో బిడ్డ చెడిపోడా?" న్యాయమైన ప్రశ్నయే. బొమ్మ వ్రాసినంతమాత్రమున అక్షరక్రమము రాదు, వ్యాకరణము రాదు. కొమేనియసును నాటకములతో సరిపెట్టుకొనలేదు, ఎన్నియో పాఠపుస్తకములు వ్రాసెను. కలిసి చేయు పని నోరు తెరచును, తెరచిన నోటికి పుస్తకము ఆహారమియ్యవలెను. నోరే తెరువనివానికి ఎంత వడ్డించినను ఏమి ప్రయోజనము?

తప్పు దిద్దుటను గూర్చి అపొస్తలుల కార్యములు పదునెనిమిదవ అధ్యాయము చక్కని మాదిరి చూపుచున్నది. అకుల, ప్రిస్కిల్ల దంపతులు డేరాలు కుట్టువారు. పౌలు అదే పనివాడు గనుక వారితో కాపురముండి కలిసి పనిచేసెను. పిమ్మట ఎఫెసులో అపొల్లో అను గొప్ప వక్త సమాజమందిరమున మాటలాడుచుండగా, అతని బోధలో కొదువ యున్నదని ఆ దంపతులు కనిపెట్టిరి. వారు లేచి నలుగురిలో అతనిని ఆపలేదు, వానివలె గొంతు మార్చలేదు. తమయొద్దకు చేర్చుకొని, మరి పూర్తిగా విశదపరచిరి. ఒకే గుడ్డను ఇద్దరు పట్టుకొని కుట్టుటకు అలవాటుపడినవారికి, చిరుగును చూచి గుడ్డను పారవేయుట తెలియదు. దిద్దవలెను, అయితే చేర్చుకొని దిద్దవలెను. "ఇస్కూలు" అనిన చిన్నవానిని సాయంకాలము ప్రక్కన కూర్చుండబెట్టుకొని, నా పెదవులు చూపించి పలికించియుండినయెడల రెండు నిమిషములు పట్టియుండును. నలుగురిలో నవ్వుటకు ఒక్క నిమిషమే పట్టినది, దానిని సరిచేయుటకు ఒక వేసవి పట్టినది.

సంఘమునకు మనవి

పెంతెకొస్తు దినమున దేవుడు అందరి భాషలను తీసివేసి ఒకే భాషను ఇచ్చియుండవచ్చును. అట్లు చేయలేదు. ప్రతివాడును తాను పుట్టిన భాషలోనే దేవుని గొప్పకార్యములను వినెను. మన బిడ్డ ఇంగ్లీషు నేర్చుకొనుట మంచిదే. అయితే దానికొరకు తల్లి మాటను చూచి సిగ్గుపడవలసిన అవసరము దేవుని రాజ్యములో లేదు.

కావున ప్రియులారా, ఈ నెలలో మీ ఇండ్లలో ఒక పని చేయుడి. మీ బిడ్డ పుస్తకము చదువునప్పుడు, మీకు ఇంగ్లీషు రాదని దూరముగా కూర్చుండవద్దు. గోడకు జాజు పూయుచు, బొంతలు కుట్టుచు, క్రిస్మసు నక్షత్రము కట్టుచు, దీనిని ఇంగ్లీషులో ఏమందురని బిడ్డను అడుగుడి. మీరు తప్పు పలుకుడి, వాడు దిద్దును. వానికి మీరు పని నేర్పుడి, మీకు వాడు మాట నేర్పును. పొట్టకూటికి పరరాష్ట్రమునుండి మన ప్రాంతమునకు వచ్చిన కూలీల బిడ్డలు మీ వాకిట నిలిచినయెడల, మన తెలుగే వారికి పరభాషయని జ్ఞాపకముంచుకొనుడి. వారికి "ఎత్తు", "మొయ్యి" అను మాటలు ఎవరైనను నేర్పుదురు. "నాకు బాగలేదు" అను మాటను మనము నేర్పుదము.

ఆ దుప్పటి ఇప్పుడు మా గుడి వెనుక గోడకు వ్రేలాడుచున్నది. జాజు అక్కడక్కడ రాలినది. నేను గంజి లేకుండ మొదట పూసిన భాగమది. చిన్నవాడు పూసినది మాత్రము నిలిచియున్నది. ప్రతి ఆదివారము ప్రసంగపీఠమున నిలువబడునప్పుడు అది నా కండ్లకెదురుగా కనబడుచుండును.

ప్రార్థన: ప్రభువా, మోషే తాను నోటిమాంద్యము గలవాడనని చెప్పినప్పుడు నీవు నవ్వక అతనికి తోడునిచ్చితివి. మా నాలుకలను గిలాదువారి కత్తి కాకుండ కాపాడుము. మా చేతులను మా చిన్నబిడ్డల చేతులతో ఒకే పనియొద్ద కలుపుము. ఆమేన్.